మనోవ్యాధుల మూలము వెదకిన ఫ్రాయిడు

దేహమునకు కలిగిన వ్యాధి పదుగురి కన్నులకు కనబడును. జ్వరము వచ్చినవాని నుదురు తాకినంతనే తెలియును. కాలు విరిగినవానిని చూచినవారెల్ల జాలిపడుదురు. మనస్సునకు కలిగిన వ్యాధి అట్టిది కాదు. కారణము లేకయే గుండె దడదడ కొట్టుకొనువానిని పిరికివాడందురు. కడిగిన చేతులనే మరల మరల కడుగుకొను ఇల్లాలికి చాదస్తమని పేరు పెట్టుదురు. కాలుసేతులు బాగుగనే యుండియు మంచము దిగలేని కోడలిని పనిదొంగ యనియో, గాలి సోకినదనియో తలంతురు. ఒకరు వేపమండలు తెత్తురు. మరియొకరు తిట్లకు దిగుదురు. ఆ బాధ ఎందువలన కలిగినదని అడుగువారు మాత్రము అరుదు. ఆ ప్రశ్నను పట్టుకొని యేబది యేండ్లు విడువక, తాను చెప్పిన సమాధానము తప్పని తోచినపుడు దానిని తానే త్రోసివేసి మరల వెదకిన వైద్యుడు సిగ్మండ్ ఫ్రాయిడు.

ఆయన వెదకినది ఉన్మాదమునకు కారణము కాదు. ఉన్మత్తుడు లోకమును మరచును. ఈ రోగి లోకవ్యవహారము నంతయు ఎరిగియుండును. తన భయము వట్టిదని తనకే తెలియును; తెలిసియు దానినుండి తప్పించుకొనలేడు. తెలిసి బాధపడుటయే ఈ వ్యాధి యందలి విశేషము. ఇట్టి బాధలను కూడ చేర్చి, నరములకు సంబంధించినవని తలచిన రోగముల కన్నిటికిని 1769లో స్కాట్లండు దేశపు వైద్యుడు విలియం కల్లెన్ న్యూరోసిస్ అను పేరు పెట్టెను. పేరు పుట్టిన నూరేండ్లకును మూలము మాత్రము తెలియరాలేదు.

ఫ్రాయిడు 1856వ సంవత్సరము మే నెల 6వ తేదీన ఆస్ట్రియా సామ్రాజ్యమునకు చెందిన మొరేవియా సీమలో ఫ్రైబర్గ్ అను చిన్న పట్టణమున జన్మించెను. ఆ యూరు నేడు చెక్ దేశములో ప్రిబోర్ అను పేర నున్నది. తండ్రి జాకబ్ ఉన్ని వర్తకుడు, యూదుడు. తల్లి అమాలియా భర్త కంటె ఇరువది యేండ్లు చిన్నది. తండ్రికి మొదటి భార్య వలన కలిగిన పెద్దకుమారుడు ఆ సవతితల్లి కంటెను వయస్సున పెద్ద. ఆ యన్న కుమారుడు తన పినతండ్రియైన ఫ్రాయిడు కంటె ఒక యేడు పెద్దవాడై అతనికి ఆటతోడయ్యెను. ఫ్రాయిడు తరువాత పుట్టిన తమ్ముడు పసితనముననే కన్నుమూసెను. ఆ తమ్మునిపై తనకు కలిగిన అసూయయు, వాడు పోయిన పిమ్మట మిగిలిన తప్పు చేసితినను భావమును తన మనస్సు అడుగున దాగియుండుట ఆయన నలుబది యేండ్లు దాటిన తరువాత కనుగొనెను. చిన్ననాటి విషయములు చిన్ననాటితో పోవని ఆయన తొలుత నేర్చినది తన యింటనే.

వ్యాపారము దెబ్బతినగా కుటుంబము 1860లో వియన్నా నగరము చేరెను. ఇల్లు ఇరుకు, సంతానము అధికము, రాబడి స్వల్పము. అయినను పెద్దకొడుకు చదువునకు కొదువ రానీయలేదు. 1873లో, పదునేడవ యేట, ఆయన వియన్నా విశ్వవిద్యాలయమున వైద్యవిద్యకు చేరెను. బ్రూకె అను శరీరశాస్త్రజ్ఞుని ప్రయోగశాలలో ఆరేండ్లు సూక్ష్మదర్శినికి కన్ను ఆనించి, చేపల నరములను పరీక్షించుచు గడిపెను. 1881లో పట్టా పుచ్చుకొనెను. మరుసటి యేట మార్తా బెర్నేస్ అను కన్యతో పెండ్లి నిశ్చయమయ్యెను. పరిశోధనతో సంసారము గడవదని ఎరిగి, ఆ యేడే వియన్నా పెద్ద ఆస్పత్రిలో చేరెను.

ఆ దినములలో తొందరపాటున ఒక పెద్ద పొరపాటు జరిగెను. 1884లో ఆయన కొకేను అను మందును గొప్పగా ప్రశంసించి వ్యాసము వ్రాసెను. నొప్పికి మార్ఫియా వాడి దానికి దాసుడైన తన మిత్రుడు ఫ్లైష్ల్ కు దానిని విరుగుడుగా ఇప్పించెను. మిత్రుడు మార్ఫియా విడువక కొకేనుకును దాసుడై, కృశించి 1891లో మరణించెను. ఒకే మందుతో, ఒకే సూత్రముతో అంతయు నయమగునను నమ్మకము ఎంత అపాయకరమో ఆయన కప్పుడే తెలిసియుండవలసినది. కాని ఆ పాఠము పూర్తిగా తలకెక్కుటకు ఇంకను చాల కాలము పట్టెను.

1885 అక్టోబరులో ఆయన పారిస్ నగరమునకు పోయి, సాల్పెట్రియేర్ ఆస్పత్రిలో షార్కో అను మహావైద్యుని యొద్ద నాలుగు మాసములకు పైగా శుశ్రూష చేసెను. హిస్టీరియా స్త్రీల గర్భాశయము వలన కలుగు జబ్బని యూరప్ ఖండమున తరతరముల నమ్మకము. రోగులు నటించుచున్నారని మరికొందరి తలంపు. షార్కో ఆ రెంటిని ఖండించెను. పురుషులకును ఆ వ్యాధి వచ్చునని చూపెను. రోగిని వశీకరణనిద్రలో ఉంచి, మాటమాత్రమున చేయి చచ్చుబడునట్లు చేసి, మరల మాటతోనే కదలించెను. నరము తెగక, ఎముక విరగక, కేవలము ఒక తలంపు చేతిని పడగొట్టగలదని ఫ్రాయిడు కన్నులార చూచెను. అయితే మూలకారణ మేమన్నచో షార్కో వంశపారంపర్యమని చెప్పి ఊరకుండెను. తక్కినవన్నియు నిప్పురవ్వ వంటివి, వంశమే మందుగుండు అని ఆయన మతము. శిష్యునికి ఆ సమాధానము చాలలేదు. ఒకే తల్లిదండ్రుల బిడ్డలలో ఒకరికి వ్యాధి వచ్చుటకును, మరియొకరికి రాకుండుటకును కారణమేమని ఆయన సందేహము.

1886లో వియన్నాకు మరలి వచ్చి వైద్యశాల తెరచెను, వివాహమాడెను. కాలక్రమమున ఆరుగురు బిడ్డలు కలిగిరి. ఆయనకంటె పదునాలుగేండ్లు పెద్దవాడైన జోసెఫ్ బ్రాయరు అను వైద్యుడు అప్పటికి కొంతకాలము క్రిందటనే ఒక రోగి కథను ఆయనకు చెప్పియుండెను. ఆ యువతి తండ్రి జబ్బుపడగా రాత్రులు మేలుకొని సేవ చేసినది. పిమ్మట ఆమె కుడిచేయి చచ్చుబడెను. మాతృభాష మరచి ఇంగ్లీషు మాత్రమే పలుకసాగెను. దాహము కాల్చుచున్నను గ్లాసు పెదవికి తాకగానే త్రోసివేసెడిది. బ్రాయరు సాయంకాలము లామె యొద్ద కూర్చుండి చెప్పినదెల్ల వినెను. ఒకనా డామె, పరిచారిక కుక్క గ్లాసులో నీరు త్రాగుట చూచి తన కసహ్యము కలిగెననియు, మర్యాదకై ఆ మాట పైకి అనలేదనియు కోపముతో వెళ్లగ్రక్కి, వెంటనే నీరడిగి త్రాగెను. ఆమె నిజనామము బెర్తా పాపెన్‌హైమ్. 1895లో బ్రాయరు, ఫ్రాయిడు కలిసి ప్రకటించిన గ్రంథము ఆమెకు పూర్తిగా నయమైనట్లు తెలిపెను. వాస్తవమున ఆమె ఆ చికిత్స తరువాతను ఆస్పత్రులలో నుండి, కొన్ని యేండ్లకు గాని కోలుకొనలేదు. కోలుకొని, దిక్కులేని స్త్రీలకును పిల్లలకును జీవితమంతయు సేవచేసి, 1904లో జర్మనీ యూదు మహిళల సంఘమును స్థాపించెను.

ఈ చికిత్స నుండి ఫ్రాయిడు వశీకరణనిద్రను విడిచి, రోగిని శయ్యపై పరుండనిచ్చి, మనస్సునకు తోచినదెల్ల దాపరికము లేక చెప్పనిచ్చు పద్ధతిని ఏర్పరచెను. అది మనోవిశ్లేషణమని పేరుపొందెను. మింగిన దుఃఖము, పైకి అనలేని కోపము, ఒప్పుకొనలేని కోరిక మనస్సు అడుగుకు త్రోయబడినంత మాత్రమున నశింపవనియు, అవి వేషము మార్చుకొని దడగాను, మూర్ఛగాను, చాదస్తముగాను తిరిగి వచ్చుననియు ఆయన సిద్ధాంతము.

1896లో ఆయన ఈ వ్యాధుల కారణములను మూడు తెగలుగా విభజించెను. వంశము వలన వచ్చు బలహీనత మొదటిది. అది క్షేత్రము వంటిది. దిగులు, భయము, అతిశ్రమ, జ్వరాదుల వలని నీరసము, ప్రమాదములు రెండవవి. అవి తోడ్పడు కారణములే కాని వాటియంతట అవి వ్యాధిని పుట్టింపజాలవు. ఫలానా వ్యాధియే వచ్చునట్లు చేయునది మూడవది. అదియే ప్రత్యేక కారణము. కుండకు మన్నొక్కటియే కారణము కాదనియు, కుమ్మరియు, సారెయు, కఱ్ఱయు కూడినగాని కుండ కాదనియు మన తార్కికులు చెప్పు మాట ఎరిగినవారికి ఈ విభాగము క్రొత్తగా తోచదు. కాని కారణములు పెక్కు అని చెప్పిన ఫ్రాయిడే ఆ మూడవదానిపై తన బరువంతయు మోపెను. ఆ యేడు ఏప్రిల్ 21న వియన్నా వైద్యుల సభలో, తాను చూచిన పదునెనిమిదిమంది రోగుల యాధారమున, పసితనమున పెద్దలవలన జరిగిన కామపీడనమే హిస్టీరియాకు మూలమని ప్రకటించెను. సభ ఆ మాటను చల్లగా త్రోసిపుచ్చెను.

ఆరు మాసములు గడచినంతనే, అక్టోబరులో ఆయన తండ్రి మరణించెను. ఆ దుఃఖము ఊహించినదానికంటె లోతుగా తగిలెను. అప్పటికే ఆయనకు రైలెక్కుటన్న భయము, గుండెదడ, చావు దగ్గరపడినదను దిగులు ఉండెడివి. రోగులను పరీక్షించు వైద్యుడు ఇప్పుడు తన్ను తాను పరీక్షించుకొన మొదలిడెను. ప్రతి రాత్రి కన్న కలను వ్రాసికొని దాని మూలము వెదకెను. 1897 సెప్టెంబరు 21న బెర్లిను మిత్రుడు ఫ్లీస్ కు వ్రాసిన లేఖలో తన సిద్ధాంతమును తానిక నమ్మలేకున్నానని ఒప్పుకొనెను. ఒక్క రోగికైనను చికిత్స కడముట్టలేదనియు, సిద్ధాంతము నిజమైనచో తన తండ్రితో సహా లెక్కలేనందరు తండ్రులు దోషులు కావలసియుండుననియు, మనస్సు లోతున జరిగినదానికిని ఊహించినదానికిని భేదము తెలియుట లేదనియు ఆయన చూపిన హేతువులు. కీర్తి తెచ్చునని ఆశపడిన సిద్ధాంతమును, ఎవరును అడుగకముందే తన చేతులతో కూలద్రోసికొనుట సామాన్యమైన ధైర్యము కాదు. ఐతే ఈ మార్పును లోకమునకు తెలుపుటకు మరి యెనిమిదేండ్లు జాగుచేసెననియు చెప్పకతప్పదు.

పిమ్మట ఆయన దృష్టి శిశువునకు తల్లిదండ్రులపై గల ప్రేమ, అసూయ, భయముల మీదికి మరలెను. ఇక్కడనే ఒక హానియు కలిగెను. పిల్లలపై అత్యాచారములు జరుగునని ఫ్రాయిడు ఎన్నడును కాదనలేదు. కాని ఆయన వెనుక వచ్చిన వైద్యులలో అనేకులు, నిజముగా పీడింపబడిన బిడ్డ చెప్పిన మాటను సైతము ఊహయని త్రోసిరి. అన్నిటికిని అదియే మూలమనుట ఎంత తప్పో, ఎచ్చటను అది లేదన్నట్లు వినకుండుట అంతకు మించిన తప్పు. మొదటి తప్పు వలన కొందరు నిర్దోషులు నిందపడుదురు. రెండవదాని వలన పీడింపబడిన బిడ్డ నోరు శాశ్వతముగా మూతపడును.

కలలను గూర్చి ఆయన వ్రాసిన గ్రంథము 1899 నవంబరులో వెలువడెను. అచ్చువేసిన ఆరువందల ప్రతులు అమ్ముడుపోవుటకు ఎనిమిదేండ్లు పట్టెను. 1902 మొదలు ప్రతి బుధవారము కొందరు ఆయన యింట కూడి చర్చించుచు వచ్చిరి. 1909లో అమెరికా దేశపు క్లార్క్ విశ్వవిద్యాలయము ఆయనను పిలిపించి గౌరవించెను. కీర్తి పెరిగిన కొలది కలహములును పెరిగెను. వ్యాధికి కామమే మూలమనుటకు అంగీకరింపక 1911లో ఆడ్లరు, 1913లో యుంగు విడిపోయిరి. తాను తన మాటను దిద్దుకొనుటకు వెనుదీయని ఫ్రాయిడు, ఇతరులు దానిని దిద్దినపుడు మాత్రము సహింపజాలకపోయెను.

1914లో మహాసంగ్రామము ప్రారంభమాయెను. ఆయన కుమారులును సేనలో చేరిరి. ఒంటిపై గాయము లేకయే వణకువారు, మూగవోయినవారు, నడువలేనివారు వేలకొలది యుద్ధభూమి నుండి తిరిగివచ్చిరి. వీరు దొంగవేషములు వేయుచున్నారని తలచి కొందరు వైద్యులు వారికి విద్యుత్తుతో బాధ కలిగించి మరల యుద్ధమునకు పంపిరి. యుద్ధానంతరము 1920లో ఈ విషయమై వియన్నాలో విచారణ జరుగగా ఫ్రాయిడు తన యభిప్రాయమును వ్రాసి యిచ్చెను. ఆ సైనికులలో నటించినవారు కొలదిమందియే యనియు, ప్రాణభయము ఒకవైపును, విధి యొకవైపును లాగగా వారికి తెలియకయే వ్యాధి పుట్టినదనియు ఆయన తెలిపెను. పసితనపు కోరికలతో సంబంధము లేకయే నిండు యౌవనమున ఒక ఘోరానుభవము మనస్సును విరుగగొట్టగలదని ఈ సైనికుల వలన లోకమునకు తెలిసెను.

ఇట్లు అనుభవము పండిన కొలది ఆయన ఒక కారణమును విడిచి పెక్కు కారణముల కూడికను ఒప్పుకొనెను. 1916, 1917లలో వెలువడిన ఉపన్యాసములలో, పుట్టుకతో వచ్చిన స్వభావమును పసితనపు అనుభవమును కలిసి మనస్సునకు ఒక తీరును ఏర్పరచుననియు, పెద్దతనమున తగులు దెబ్బ దానితో కూడినపుడు వ్యాధి బయలుపడుననియు చెప్పెను. ఒకటి అధికమైనచో రెండవది స్వల్పమైనను చాలును. చెరువు గట్టు బలహీనమైనచో చిన్నవానకే గండిపడును. గట్టు గట్టిదైనను మహావరద వచ్చినచో నిలువదు. గండికి గట్టునే నిందించుటయు, వాననే నిందించుటయు రెండును సగము సత్యములే.

డెబ్బదియవ యేట, 1926లో, మరియొక పాతమాటను మార్చుకొనెను. అణచిన కోరికయే భయముగా మారునని మునుపు చెప్పినవాడు, అపాయము రానున్నదని మనస్సు తనకు తాను చేసికొను హెచ్చరికయే భయమనియు, ఆ భయము వలననే మనస్సు కోరికను అణచుననియు ఇప్పుడు చెప్పెను. మనుష్యజాతికి ఈ వ్యాధులు వచ్చుటకు గల హేతువులలో శిశువు యొక్క దీర్ఘమైన నిస్సహాయత యొకటియని చూపెను. పుట్టిన దూడ కొంతసేపటికే లేచి నిలిచి తల్లి పొదుగు వెదకికొనును. మనుష్యశిశువు ఏండ్ల తరబడి ఒకరి చేతులపై ఆధారపడవలెను. ఆ చేతులు విడిచిపోవునేమో, ఆ ప్రేమ తొలగునేమో అను తొలిభయమే పెద్దతనపు భయముల కన్నిటికిని మాతృక యని ఆయన యభిప్రాయము.

మన దేశముతో ఆయనకు గల సంబంధము ముచ్చటైనది. కలకత్తాలో గిరీంద్రశేఖర్ బోసు అను వైద్యుడు స్వయంకృషితో మనోవిశ్లేషణము నభ్యసించి, తన గ్రంథమును ఫ్రాయిడుకు పంపెను. 1922లో అచ్చట భారతీయ మనోవిశ్లేషణ సంఘమును నెలకొల్పెను. ఇరువురు కలిసికొనలేదు, ఉత్తరములే వారిని కలిపెను. పురాణములను, భగవద్గీతను గూర్చియు గ్రంథములు వ్రాసిన బోసు గురుభక్తితో ఊరకుండక, ప్రతి కోరికకును దానికి ప్రతియైన కోరిక మనస్సునందే యుండునను తన సిద్ధాంతమును నిలిపెను. 1931లో ఫ్రాయిడు డెబ్బదియైదవ జన్మదినమునకు ఆ సంఘము దంతముతో చేసిన విష్ణుమూర్తి విగ్రహమును పంపగా ఆయన దానిని తాను వ్రాసికొను బల్లపై నుంచుకొనెను.

చివరి యేండ్లు కష్టములతో నిండెను. 1920లో కుమార్తె సోఫీ విషజ్వరమున మరణించెను. 1923లో ఆమె చిన్నకుమారుడు పోయెను. ఆ యేడే ఫ్రాయిడు దవడకు పుట్టకురుపు పుట్టెను. అటుపై పదునారేండ్లలో ముప్పదికి పైగా శస్త్రచికిత్సలు జరిగెను. కారణమైన చుట్టలను మాత్రము మానలేకపోయెను. మనుష్యుడు తన మంచి తానెరిగియు ఏల చేయలేడని జీవితమంతయు అడిగిన వైద్యునికి ఆ ప్రశ్న తన వ్రేళ్ల మధ్యనే పొగయుచుండెను.

1933 మే నెలలో హిట్లరు ప్రభుత్వము నాట బెర్లినులో ఆయన గ్రంథములను తగులబెట్టిరి. 1938లో జర్మనీ సేనలు వియన్నాను ఆక్రమించెను. కుమార్తె అన్నాను రక్షకభటులు ఒక పగలంతయు నిర్బంధించి విడిచిరి. మిత్రుల సహాయమున ఆయన జూన్ నెలలో భార్యతో, కుమార్తెతో లండను చేరెను. 1939 సెప్టెంబరు 23న అక్కడనే తుదిశ్వాస విడిచెను. వియన్నాలో మిగిలిన నలుగురు చెల్లెండ్రు పిమ్మట నాజీల చెరలలో ప్రాణములు కోల్పోయిరి.

ఫ్రాయిడు చెప్పినదంతయు నిలిచినది కాదు. స్త్రీలను గూర్చి ఆయన చెప్పినవి పెక్కు చెల్లవని తేలెను. పసితనపు ఫలానా అనుభవమువలన ఫలానా వ్యాధి వచ్చునన్న సూత్రములు పరీక్షకు ఆగలేదు. 1980లో అమెరికా మనోవైద్యుల సంఘము వ్యాధుల పట్టికలో న్యూరోసిస్ అను తెగను తొలగించి, ఆందోళన, అకారణభయము, చాదస్తపు తలంపులు మున్నగువానిని వేరువేరుగా లెక్కించెను. కవలలను పరిశీలించిన శాస్త్రజ్ఞులు వంశమునకు పాలు కలదనియు, అదియే సర్వస్వము కాదనియు కనుగొనిరి. పసితనమున హింస, ఆదరణలేమి, ఆప్తుల మరణము, పెద్దతనమున అప్పు, అవమానము, ఒంటరితనము వ్యాధికి దారితీయవచ్చుననియు, ఆదరించువారొక్కరున్నను ఆ ప్రమాదము కొంత తగ్గుననియు నేటి వైద్యులు చెప్పుచున్నారు. నేడు మందులు కలవు. భయపడుదానిని కొంచెము కొంచెముగా ఎదుర్కొన నేర్పు చికిత్సలు కలవు. అవి ఫ్రాయిడు చికిత్సవలె ఏండ్ల తరబడి సాగవు.

ఐనను, రోగి యొద్ద కూర్చుండి అతడు చెప్పినది ఓపికతో వినవలెనను నియమము నిలిచినది. ఈ వ్యాధి దొంగవేషము కాదు, దయ్యము కాదు, పాపఫలము కాదు. పుట్టుక, పెంపకము, తగిలిన దెబ్బ, అప్పటి దుస్స్థితి ఇవన్నియు కూడి వచ్చునట్టిది. అట్టి యింట తల్లిని నిందించుటయు, భార్యను నిందించుటయు, రోగినే నిందించుటయు తగదు. ఏయే కారణములు కూడినవో విచారించి, తీసివేయగల దానిని తీసివేసి, వైద్యుని యొద్దకు తోడుగా నడచుటయే బంధుధర్మము. మంచము దిగలేని కోడలి ప్రక్కన ఒక గడియ కూర్చుండి ఆమె చెప్పునది అడ్డుమాట లేక వినువారు ఆ యింట ఒక్కరున్నను, ఫ్రాయిడు పడిన యేబది యేండ్ల శ్రమలో సారవంతమైన భాగము ఆ యింటికి చేరినట్లే.